కళ్ళెం తేలిన ఏడాది

జూన్ మూడో వారం.
బంగాళదుంపలు నాటుతుంటే
బార్బారా ఎబే పార ఇనుముకు తగిలి ఖంగుమంది.

రాయనుకుంది ముందు.
ఇక్కడ రాళ్ళు మొలుస్తాయి మరి.
విత్తకపోయినా, నీళ్ళు పోయకపోయినా
ఏటేటా మొదటి పంట వాటిదే.
చలికాలం అడుగున చెయ్యి పెట్టి
ఒక్కోదాన్నీ వేలెడు పైకెత్తుతుంది.
ఎండ వచ్చి పట్టు సడలేలోగా
ఆ ఖాళీలోకి మెత్తటి బురద జారి కూర్చుంటుంది.
రాయికి ఇక పాత చోటు లేదు.

కడిగి చూస్తే కళ్ళెం.
జొగూర్ తాత బూడిదరంగు గుర్రానిది.
నలభై ఏళ్ళ కిందట గడ్డికోతల్లో పోయింది.
ఆయన మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

యాకుత్స్క్ నుంచి సంచులూ కొలబద్దా మోసుకొచ్చానని
నా కోసం అక్కడే గొయ్యి తవ్వింది.
మట్టి పొరలు దొంతరలా ఉంటాయని
తరగతిలో బొమ్మ గీసి చూపించారు మాకు.
ఇక్కడ దొంతర ఎక్కడిది?
నల్లమట్టి కిందికి నాలుక చాపింది,
నీలిబంక పైకి ఎగదన్నింది,
కవ్వం అప్పుడే తీసిన కుండలా
ఒకదాన్నొకటి మింగబోయి ఆగిన మెలికలు.
ముత్తాతల నాటి నాచు ఇంకా నాచులాగే ఉంది.
కుళ్ళడానికైనా వెచ్చటి రోజులుండాలి కదా.

పైనుంచి మంచు దిగుతుంది,
కింది మంచు కదలదు.
రెండు దవడల మధ్య నలిగి నలిగి
తయారైనదే ఈ కాస్త నేల.
నీరు ఇంకే దారి లేదు.
లార్చ్ వేళ్ళకు లోతు తెలీదు,
చాపలా పరుచుకుంటాయి.

పార ఠంగున ఆగింది.
"అదే అడుగు" అంది ఎబే.
"నేను కోడలిగా వచ్చినప్పుడు ఈపాటికి
మోకాలి దగ్గర తగిలేది.
ఇప్పుడు చూడు, తొడ దాటింది."

పొలం అవతలి అంచున
మంచు మేకులు కరిగిన చోటల్లా నేల కుంగి
మధ్యలో దిబ్బలు దిబ్బలుగా మిగిలింది.
మావాళ్ళు బిల్లార్ అంటారు.
పోయినేడు ఆవు కాలు విరిగిందక్కడే.

కళ్ళెం ఒళ్ళో పెట్టుకుని
వాలు మీది సమాధుల వైపు చూసింది.
జొగూర్ తాత పోయింది జనవరిలో.
రెండు రోజులు మంట వేసి, కరిగినంత మేరే తవ్వి,
మళ్ళీ మంట వేసి.
"లోతుగానే పెట్టించాను" అంది,
"కదలని దాన్లోకి."

నేను ఏమీ అనలేదు.
నోటుపుస్తకంలో అంకె రాసుకున్నాను:
అరవై ఎనిమిది సెంటీమీటర్లు.
ఆమె గొయ్యి పూడ్చి
పైన ఒక దుంప పెట్టింది,
కన్ను పైకి ఉండేలా.