తడిని కోరే రాయి

పోర్ట్‌లండ్ దీవిలో కుందేలు పేరెత్తరు.
అది బొరియ తవ్విన చోట
పైనున్న బండ మనిషి మీదికొస్తుందని
క్వారీల నాటి భయం.
"ఆ చెవుల పొడుగుది" అంటారు,
అదీ గొంతు తగ్గించి.

గిల్బర్ట్ ఆట్‌వుల్, డెబ్బై ఒకటి,
నలభై ఏళ్ళు సున్నపురాయి కోసినవాడు
నా కుర్చీలో వెల్లకిలా పడుకున్నాడు.
కింద ఎడమ దవడ పన్ను.
మూడు వారాలు పంటి బిగువున భరించి
నాలుగో వారం ఆ పన్నే బిగించలేక వచ్చాడు.

వేళ్ళలో రెండు కాలువలు దొరికాయి.
మూడోది వయసుతో పూడుకుపోయింది.
వెతుకుతున్నాను. కిటికీకి గాలి కొట్టుకుంటోంది.
బర్ అర మిల్లీమీటరు పక్కకి జారింది.

కాగితపు పుల్ల బయటికి తీశాను.
కొసన కాదు,
పక్కన ఎర్రగా.

పదిహేనేళ్ళ చేతులివి.
ఆ దీవి బిడ్డనే,
ఆ మాట పైకి అనకూడదు కాబట్టి
మాస్కు లోపల అనుకున్నాను:
కుందేల్ని నేనే.

చెప్పేశాను. "మిస్టర్ ఆట్‌వుల్,
మీ పంటి గోడకి చిల్లు పెట్టాను."
నీలం రబ్బరు తెర పైన
రెండు కళ్ళు నన్నే చూశాయి.
చెయ్యెత్తి గాల్లో రాసినట్టు ఊపాడు.
పెన్సిలిస్తే అపాయింట్‌మెంట్ కార్డు వెనక
పెద్ద అక్షరాలతో: దేంతో పూడుస్తావు?

సిమెంటుతో.

కనుబొమలు లేచాయి.
చెప్పాను, పొడి కలుపుతూ చెప్పాను,
దీని పూర్వీకుడు గోడలు కట్టే సిమెంటేననీ,
గట్టిపడితే మన రాయి రంగులో ఉందని
ఎవరో దానికి మన దీవి పేరు పెట్టుకున్నారనీ,
ఇది దాన్ని కడిగి వడగట్టి
ఆర్సెనిక్ లాంటి మలినాలు తీసేసిన మనవడనీ.
గ్రాము ధర మాత్రం చెప్పలేదు,
లారీ లోడు లెక్క కడతాడని.

గాజు పలక మీద నీటి చుక్క,
తడి ఇసుకలా ముద్ద.
మిగతా పూతలన్నీ తడంటే బెదురుతాయి,
ఆరబెట్టు, ఆరబెట్టు అంటాయి.
దీనికి తడే ప్రాణం.
నెత్తురు అంచున కూర్చుని,
ఒంటి నీరు తాగి,
పిసరంత ఉబ్బి, గోడకి ఒదిగిపోతుంది.
లోపల్నుంచి సున్నం ఊరుతుంది,
ఆ ఘాటులో క్రిములకి నిలవనీడ ఉండదు.
కాల్షియం మెల్లగా బయటికి నడుస్తుంది,
ఒంట్లోని ఫాస్ఫేటుతో కలిసి
పంటిలోనూ ఎముకలోనూ ఉండే ఖనిజమై
మనిషికీ మందుకీ మధ్య గీత చెరుపుతుంది.

పాత రకంలో బిస్మత్ ఉండేది,
పన్ను బూడిదరంగుకి తిరిగేది.
ఇందులో జిర్కోనియా.
ఒక్కటే షరతు:
గట్టిపడ్డాక మనసు మార్చుకుంటానంటే కుదరదు.

పైన తడి దూది ఉంచి
ఆ పూటకి మూసేశాను.
"గంటలు పడుతుంది గట్టిపడ్డానికి."
తెర తీశాక ఆయన మొదటి మాట:
"మా దగ్గర కోట్ల ఏళ్ళు పట్టింది."

తర్వాత మూడో కాలువా దొరికింది, పక్కనే,
నేను తవ్విన చోటికి వెంట్రుకవాసిలో.
దాని గురించి రెండు రాత్రులు నిద్ర లేదు.

ఏడో నెల ఎక్స్‌రే.
వేళ్ళు కలిసే చోట తెల్లటి చుక్క, బియ్యపు నూక.
దాని చుట్టూ అప్పటి నల్ల నీడ లేదు,
ఎముక వచ్చి కూర్చుంది,
పిలవకుండా, పొరుగింట్లో కూర్చున్నట్టు.

గిల్బర్ట్ జేబులోంచి ఓ రాయి ముక్క తీసి
నా ట్రే మీద, అద్దం పక్కన పెట్టాడు.
దాన్నిండా మర మేకుల్లాంటి గుల్లలు.
ఎప్పటివో నత్తలు.
గవ్వ కరిగి పోయింది,
అది తిరిగిన మెలిక మాత్రం
ఖాళీగా, ఒక్క వంపూ చెడకుండా ఉంది.

అలవాటు కొద్దీ వేలిముద్రతో లోతు చూశాను.
"దీన్నెవరూ పూడ్చలేదు" అన్నాడు,
కుడి వైపు కాదు,
ఎడమ వైపు బిస్కెట్టు నములుతూ.