పదకొండో గడి

కొండపి బ్యాంకు పక్క సందులో
నా బల్ల, రెండు పెన్నులు, అట్టలూడిన నిఘంటువు.
ఫారానికి ఇరవై రూపాయలు.
ఇంగ్లీషు మాటకి విడిగా ఖరీదు కట్టలేదు.

తుపాను దాటిన నాలుగోనాడు
మాలకొండమ్మ వచ్చింది, చెప్పులకింకా బురద.
పేరు, ఊరు, సర్వే నంబరు,
పోయిన పశువులు: ఒకటి. మిగిలినవి: ఒకటి.
పది గళ్ళూ గబగబా నిండాయి.
పదకొండోది: కూలిన కట్టడం ఏ రకం?
ఇంగ్లీషులోనే రాయాలి, పెద్దక్షరాల్లో.

"గొడ్లసావిడి, నాయనా" అంది,
ఇందులో అడగడానికేముందన్నట్టు.

బార్న్ అని రాయబోయాను.
బి దగ్గరే చెయ్యి ఆగింది.
మా వైపు ఆ మాట ఏనాడో పొగాకు పాలైంది.
బ్యారన్ అంటే ఎత్తు గోడలు, వేడి గొట్టాలు,
కర్రలకి కట్టిన పచ్చాకు పసుపు తిరిగేదాకా
పొయ్యి ముందు కునికిపాట్లు పడే మనిషి.
బ్యారన్ అంటే లైసెన్సు, బోర్డు, వేలంపాట.
ఈ గడిలో ఆ మాట పడితే
రేపు మేనేజరు అడుగుతాడు
"నీ బ్యారన్ నంబరెంతమ్మా?" అని.

నిఘంటువు తిప్పాను.
బైర్ అట, అచ్చంగా ఆవులదే.
సంతోషంగా రాసేవాణ్ణే,
చదివేవాడు దాన్ని బయ్యర్ అనుకోకుంటే.
బయ్యరూ ఆ వేలంపాట మనిషే.

స్టేబుల్ గుర్రాలది.
అయినా ఆ మాటతో నాకు పొత్తు లేదు.
ఒంగోలు పెద్దాసుపత్రి వరండాలో
మా బావమరిది గురించి అన్నారు, స్టేబుల్ అని.
తెల్లారేసరికి మంచం ఖాళీ.

గొర్రెల దానికో పేరు, పందుల దానికో పేరు,
కోళ్ళకి మరోటి.
ఆ దేశంలో ఒకదాని వాసన ఒకదానికి గిట్టదేమో.
"మీ సావిట్లో ఏముండేవమ్మా?" అన్నాను.
అడగకుండా ఉండాల్సింది.

"ఏముంటయ్యి? ఆవులు.
మూలన రెండు మేకలు, వాసం మీద కోళ్ళు.
అటక మీద ఇత్తనపు కంకులు.
గాడి పక్కన మా ఆయన నులకమంచం.
నెమరు ఇనపడకపోతే ఆయనకి నిద్ర పట్టదు.
నా రెండో కానుపు కూడా ఆడనే,
ఇంటినిండా చుట్టాలుంటే.
వానొస్తే పిలకాయలకి బడి కూడా ఆడనే చెప్పేవోళ్ళు.
నిట్రాడు మా మామ పాతింది.
అది ఇరగలా. చుట్టూ ఉన్నదే పోయింది."

గడి వెడల్పు అంగుళంన్నర.

చివరికి షెడ్డు అని రాశాను.
ఎవరికైనా సరిపోయే మాట,
రొయ్యల మేతకి, పాత సైకిళ్ళకి,
మస్తాను వెల్డింగు మిషనుకి.
కింద సన్నక్షరాల్లో ఇంకో అర్థం ఉంది: రాల్చు.
ఆకుని, బొచ్చుని, కన్నీటిని.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"ఏం రాశావు?"
"క్యాటిల్ షెడ్డు."
"షెడ్డా!" అప్పుడు నవ్విందామె.
"రేకులేస్తారా ఏంది?"

రేకులే వేశారు.
మాట ఎంతో ఎస్టిమేటూ అంతే.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది,
పెయ్యదూడ లోనుకి.
అడిగితే చెప్పింది.
"చినుకు పడితే చాలు, రేకుల మీద డప్పే.
నెమరు ఇనపడ్లా.
మంచం ఇంట్లోకి తెచ్చుకున్నాడు,
తెల్లార్లూ దూలాలు లెక్కపెట్టటం."
కొంగుతో మొహం తుడుచుకుంది.
"మొన్న తాటికమ్మలు కొట్టించి
ఆ రేకుల మీదే కప్పించా.
ఊళ్ళోవాళ్ళు నవ్వారు, నవ్వనీ.
ఇప్పుడు ఇనపడిద్ది."

ఈ ఫారంలోనూ ఉంది ఆ ప్రశ్న, తొమ్మిదో గడిలో:
పశువుని ఎక్కడ ఉంచుతారు?
నేను పెన్ను మూత తీసి
ఆమె వంక చూశాను.
ఆమె వాన వంక చూస్తోంది.