అరుదుగా

లెటర్‌కెనీ ఆస్పత్రి మూడో అంతస్తులో
నా ఉద్యోగం మొహాలు కొలవడం.
ఎరుపుని కెమెరా కొలుస్తుంది.
మిగతాది నేను, ఇరవై ఒక్క ప్రశ్నలతో.
అన్నీ ఒకేలా మొదలవుతాయి:
గత నాలుగు వారాల్లో...

డెర్వ్లా మగోనిగల్, యాభై నాలుగేళ్ళు.
కిల్లీబెగ్స్ రేవులో చేపల వేలం దగ్గర లెక్కలు రాస్తుంది.
బుగ్గల మీద, ముక్కు మీద ఎరుపు,
ఎవరో ఇప్పుడే చాచి కొట్టి వెళ్ళినట్టు.
ఇప్పుడే అంటే, పంతొమ్మిదేళ్ళుగా.

కోటుకి ఒక చిన్న బిళ్ళ.
మందు ముట్టనని చర్చిలో ఒట్టేసిన పిల్లలకి
పదమూడో ఏట ఇచ్చేది.
"దేవుడి కోసం కాదులే" అంది నా చూపు కనిపెట్టి,
"నా ముక్కుకి సాక్షి."
అన్న మాల్కీ శవం పక్కన రాత్రంతా కూర్చుని
తెల్లారి లేచి నిలబడితే
దూరపు చుట్టం ఒకాయన అన్నాడట,
పాపం, పొద్దున్నే మొదలెట్టేసిందే, అని.
ఆ వారమే బిళ్ళ కోసం
అటక మీది పెట్టెలన్నీ తిరగేసింది.

గత నాలుగు వారాల్లో
మీ చర్మం వల్ల ఎక్కడికైనా వెళ్ళడం మానుకున్నారా?
ఎప్పుడూ లేదు. అరుదుగా. అప్పుడప్పుడు.
తరచుగా. ఎల్లప్పుడూ.

పెన్ను గాల్లో ఆగిపోయింది.
కిటికీ అవతల వాన అడ్డంగా పడుతోంది,
మా వాన ఎప్పుడూ అంతే.
"వెళ్ళాలనుకోవడమే పోయాక
మానుకున్నానని ఎలా రాయను?"
నా దగ్గర జవాబు లేదు,
నియమం ఉంది: రోగికి జవాబు అందించకూడదు.
అరుదుగా, అని టిక్కు పెట్టింది.

టీ ఇచ్చాను.
ఆవిరి ఆగేదాకా కప్పుని అలా చూస్తూ కూర్చుంది,
రైలు వెళ్ళిపోయేదాకా గేటు దగ్గర ఆగిన మనిషిలా.
కూర్చున్న కుర్చీ కూడా, తర్వాత గమనించాను,
హీటరుకి దూరంగా, వెలుతురుకి వీపు పెట్టి
తనే జరుపుకుంది.
మొహం చాటేసేవాళ్ళని పట్టుకోడానికి ఏడో ప్రశ్న ఉంది.
మొహం లేనట్టు బతకడం వంటబట్టినవాళ్ళకి లేదు.

నూటికి ఇరవై రెండు. స్వల్ప ప్రభావం.
అదే రోజు ఒక కుర్రాడు,
పెళ్ళి ఫోటోలో తన బుగ్గ చూసుకుని
నెల రోజులు ఇల్లు కదలనివాడు,
డెబ్బై ఒకటి.
అతనిదీ అబద్ధం కాదు.

పదహారు వారాల తర్వాత మళ్ళీ వచ్చింది.
లేపనం పనిచేసింది, ఎరుపు మూడో వంతు తగ్గిందంది కెమెరా.
టిక్కులు మాత్రం అన్నీ కుడివైపుకి జరిగాయి.
తరచుగా. తరచుగా.
ఒకచోట ఎల్లప్పుడూ,
వెనక కాగితం మీద కూడా అచ్చుపడేంత గట్టిగా.

డబ్లిన్ నుంచి లెక్కలు చూసే ఫియాక్రా ఫోన్ చేశాడు.
"నలభై మూడో నంబరు. మొహం బాగైంది, బతుకు పాడైందా?
ఎక్కడో తారుమారు రాసుంటావు."

లేదు ఫియాక్రా.
గురువారాలు ఆర్డరాలో నాట్యానికి వెళ్తోంది ఆవిడ.
ఐసు ఫ్యాక్టరీ ఓవెనీ వచ్చి చెయ్యి చాచాడు.
మూడో పాటకి బుగ్గలు భగ్గుమన్నాయి,
ఏ మొహం పెట్టుకుని ఉండాలో తెలీక
బయటికొచ్చి ఆ అడ్డవానకి మొహం అప్పజెప్పి నిలబడింది.
ఇంటికెళ్ళి ఏడ్చింది కూడా.
పోయిన ఏడాది ఏడవడానికి
గురువారమే లేదు.

ఇదంతా ఏ గడిలో రాయమంటావు?
అటువైపు కాసేపు మాటలేదు.
"సరే, ఉన్నదున్నట్టు ఉంచు" అన్నాడు.

వెళ్ళేటప్పుడు కోటు తొడుక్కుంటుంటే చూశాను.
బిళ్ళ లేదు.
ఉన్నచోట రెండు సూదిబెజ్జాలు,
చుట్టూ రంగు వెలవని గుండ్రటి మచ్చ.
గత నాలుగు వారాల్లో తీసిందో, అంతకు ముందో,
అడగలేదు.