చెవి దగ్గర కాయ

చీపురుపల్లి నూనెమిల్లులో కాటా నా పని.
బస్తాలో మోచేతి దాకా చెయ్యి దించి
అడుగు నుంచి గుప్పెడు లాగుతాను.
పైనున్న కాయలు పెళ్లిచూపులకి కూచున్నవి,
వాటిని నమ్మను.

చెవి దగ్గర పెట్టి ఊపుతాను.
నిండిన కాయకి మాటలుండవు.
గలగలలాడిందా, లొట్ట.

మొన్న ఒకే బండి మీద రెండు వరసల బస్తాలు.
ఒకే మెట్ట, ఒకే విత్తు, ఒకే వాన.
ఇటువి కర్రోతు తవిటమ్మవి, అటువి ఆమె మరిది నీలాచలానివి.
నడుమ గట్టు కూడా లేదట, ఒక్క కంది సాలు.

వంద గ్రాముల కాయ ఒలిచాను.
అతనిది యాభై ఎనిమిది పప్పు.
ఆమెది డెబ్బై ఒకటి.
రాళ్లు మార్చి మళ్లీ తూచాను,
అవే అంకెలు.

"నానూ ఏసినాను గదా జిప్సం! అవే నాలుగు బస్తాలు!"
వేశాడు, నిజమే.
విత్తక ముందే, దుక్కి మీద,
చేటతో గాలివాటాన విసిరాడు.
ఆషాఢంలో మూడ్రోజుల ముసురు పట్టి
తెల్లదనమంతా గెడ్డ దారి పట్టింది.

తవిటమ్మ ఆగింది.
పసుపుపూలు వాడి
ఊడలు సూదుల్లా నేలని వెతుక్కుంటున్నప్పుడు
ఆరుగురు ఆడవాళ్లు నడుములు వంచి
వేళ్ల సందుల్లోంచి, ముగ్గు జార్చినట్టు,
మొక్కల మొదళ్ల వెంట తెల్లగీత గీశారు.
మట్టి ఎగదోసి వచ్చేశారు.
ఆ తర్వాత చేలో మనిషి కాలు పెడితే ఆమె ఊరుకోలేదు.

"ఏరు తాగింది ఆకుకెల్తాది బావూ, కాయకి దిగదు.
కాయి తన నోటితో తానే తాగాల.
ఆ నోటికాడే ఎట్టాల."

ఇరవై రెండేళ్లుగా కాయలు తూస్తున్నాను.
కాయకి నోరుందని
ఎవరూ చెప్పలేదు.

క్వింటాకి ఆమెకి ఎనిమిది వందలు ఎక్కువ పడింది.
లెక్క కడితే అందులో సగం
ఆ ఆరు నడుముల కూలికే సరి.
మిగతా సగాన్ని ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని
రొంటిన దోపుకుంది.

నీలాచలం చాలాసేపు బస్తాల వైపే చూశాడు.
వదిన బస్తాలోంచి ఒక కాయ తీసి
చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.
ఏమీ వినిపించలేదు.

"ఎన్నో దినాన ఏసినావు, వొదినా?"

అతని రసీదు వెనక
నలభై అని రాయబోయాను.

"దినాలు కాదు బావూ," అంది,
"ఊడలు సూడాల."

రాసింది కొట్టేశాను.