మొదటి కణుపు దాకా

గంజి కుండ వెనకాల దొరికింది గనక
దాని పేరు గంజి.
పాటూరులో మా వీధిన ఎవర్నడిగినా చెప్తారు,
అది రాకముందు యేడు
ఎలకలు మా ఇంట్లో మూడు చీరల పడుగు కొట్టేశాయని.
గంజి వాసనకొస్తాయి ముండలు.
నూలు తినవు, కొరికి పోతాయి.
ఇది వచ్చినాక ఒక్క పోగు పోలా.

ఎలక వల్ల పోలా అంటున్నా.

మొన్న శుక్రవారం మధ్యాన్నం
కరెంటు పోయి మేమిద్దరం అరుగు మీద కూచోనుంటే
మగ్గం మీదకెక్కి ఒళ్ళు విరుచుకుంది.
పిల్లి ఒళ్ళు విరుచుకోడం మీరు చూసే ఉంటారు:
ముందు కాళ్ళు చాపి, వేళ్ళు విప్పి,
పది గోళ్ళూ సుతారంగా దించి
వెనక్కి లాక్కోడం.
కొంగులో హంస మెడ రావాల్సిన చోట
పదకొండు పోగులు.

పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు గానీ
మధ్యలో సాలోడి సంగతి ఎవరూ చెప్పలా.
వెంకురెడ్డి చీర విప్పి, వెలుతురుకి పట్టి,
ఏమీ అనకుండా ఎనిమిదొందలు పట్టుకున్నాడు.
అనుంటే బావుండేది.

"పెన్న దాటించి వదిలేసి రా," అంది చెంచమ్మత్త,
"చంపితే పాపం గానీ వదిలితే ఏముంది?"
"గోళ్ళు పీకిచ్చేద్దాం," అన్నాడు మా ఆయన.
"నెల్లూర్లో పెద్దోళ్ళు చేయిస్తారంట,
సోఫాలు చిరక్కుండా."

కండెల బుట్టలో పెట్టి, పైన తువ్వాల కట్టి
బస్సెక్కా.
దిగిందాకా అరుస్తానే ఉంది.
డాక్టరు చిన్నపిల్ల. నస్రీన్ అని బోర్డు మీదుంది.
గంజి పాదం మెల్లిగా నొక్కింది.
ఉండీ లేనట్టున్న గోరు బయటికొచ్చింది.
"పీకితే మళ్ళీ వస్తుందమ్మా.
రాకుండా చెయ్యాలంటే..."
నా చెయ్యి తీసుకుంది.
చూపుడువేలికి మొదటి కణుపు దగ్గర
పెన్నుతో గీత గీసింది.
"ఇక్కడికి. ఎముకతో సహా."
పక్క వేలికి గీసింది. ఆ పక్కదానికి. చిటికెనవేలికి.
"చేసేవాళ్ళు యాడన్నా ఉంటారేమో. నేను చెయ్యను."
బొటనవేలి దగ్గర ఆగింది.
నా గోరక్కడ పొడుగు.
ఇరవై రెండేళ్ళుగా పెంచుతున్నా,
అతుక్కున్న పోగులు విడదియ్యడానికి.
"ఇదేందమ్మా?"
"పని," అన్నా.

వచ్చేటప్పుడు పెన్నలో నీళ్ళు ఒక పక్కనే ఉన్నాయి.
ఇసకలో ఎవరో దుప్పట్లు ఆరేసున్నారు.
గీతలున్న చేత్తో బుట్ట పట్టుకున్నా.
తెగిన పోగు ముడేసేది
గీతకి అవతలున్న ముక్కే.
కరెంటు లేనప్పుడు కళ్ళూ అదే.
దానికెంత పట్టుకుంటావని
వెంకురెడ్డి నడగాలనిపించింది.

"ఎంతవుద్దంట?" అన్నాడు మా ఆయన.
చెయ్యి చూపించా.
డాక్టరు చెప్పింది చెప్పా.
తన చెయ్యి తను చూసుకోలా,
అట్టా చేసుంటే కథలో మాదిరుండేది.
గుంటలోకి దిగి కూచున్నాడు.
నాడె ఆ గోడ నుంచి ఈ గోడకి
మామూలుగానే పోయింది, వచ్చింది.

పొద్దున లేస్తే మగ్గం గుంజకి గోనెపట్టా చుట్టుంది.
దబ్బనంతో కుట్టాడు. చీర నేసేవాడి కుట్లు
అంత వంకరగా ఉంటాయనుకోలా.
గంజి వచ్చి వాసన చూసి
దానికానుకోని నిద్రపోయింది.

పదిరోజులకోసారి కొనలు మాత్రం కత్తిరించమంది డాక్టరు.
ఒకరు పట్టుకోవాలి, ఒకరు కత్తిరించాలి.
ఆయన మోచేతి మీద మూడు గీతలు.
అవి నీళ్ళకి పోవు.

రాత్రి, చీకట్లో, బరబరా గీరే చప్పుడు.
పక్కన ఆయనకీ మెలకువే, ఊపిరి తెలుస్తా ఉంది.
ఇద్దరం లేవలా.
గోనె మీదైతే చప్పుడవుతుంది.
పట్టు మీద అసలు చప్పుడే ఉండదు.
గీరినంతసేపూ పర్లేదు.

ఆగింది.