రెండు విఘడియల లోపు

ఈ కేబులుకి బ్యాటరీ ఎక్కడుందని
కొత్తగా చేరిన షమ్మా అడిగింది.
లేదన్నాను.
నమ్మలేదు. డ్రాయింగు తిరగేసి చూసింది.

ఊదువత్తి పుల్లకన్నా సన్నటి రోడియం తీగ,
చుట్టూ ముగ్గులా తెల్లటి అల్యూమినా,
పైన నికెల్ తొడుగు.
అంతే దాని సంసారం.
గుండం నడుమకి దింపి, మూత బిగించి
మేం ఇవతలికి వచ్చేస్తాం.
అక్కడ ఎవరూ చూడలేని వాన.
ఒక్కో చినుకూ ఒక్కో అణువులో ఇంకుతుంది.
ఇంకిన అణువు కాసేపు తాళుతుంది,
ఇక తాళలేక ఒక ఎలక్ట్రానుని విదిలిస్తుంది.
ఆ విదిలింపే మాకు కబురు.

మైక్రో ఆంపియరుకి అటూ ఇటూ.
దాంతో దోమ రెక్క కూడా ఆడదు.

కాసేపు అన్నానే, దానికో లెక్కుంది:
నలభై రెండు సెకన్లకి సగం,
మిగిలినదాంట్లో సగం మళ్ళీ నలభై రెండుకి.
మణుగూరులో మా పంతులుగారి లెక్కలో
రెండు విఘడియలకి ఆరు సెకన్లు తక్కువ.
అంటే తెర మీద నేను చూసే గుండం
ఎప్పుడూ కాస్త పాతది.
వార్త నిజమే. వేళ దాటిన నిజం.

తాతారావూ అంతే.
టెక్కలి అవతల ఏదో ఊరు, మాకు పరంజీలు కడతాడు.
ఏం కూరోయ్ అంటే
చెయ్యి కడుక్కున్నాక చెప్తాడు.
క్యాంపులో అందరూ ట్యూబులైటు అంటారు.
నేనూ అన్నాను.

షట్‌డౌన్‌లో పదకొండో గొట్టం లాగాం,
క్రేను కొక్కేనికి, నీళ్ళ అడుగునే,
గాలి తగలనివ్వకుండా.
చచ్చిపోయిందా అంది షమ్మా.
లేదమ్మా, అరిగింది.
పలికిన ప్రతి మాటకీ ఒక అణువు
రోడియం కాకుండా పోయి పల్లేడియం అయింది.
అబద్ధం ఏనాడూ ఆడలేదు.
గొంతే తగ్గింది.
ఆమె లాగ్‌బుక్కులో సంతకం పెట్టి
ఎందుకో తేదీ రెండుసార్లు వేసింది.

రువైస్ వెళ్ళే బస్సు. బయట షమాల్ గాలి.
అద్దాల మీద ఇసుక, పోపులో ఆవాల్లా.
ఎడమ పక్క సముద్రం ఉండాలి, కనపడలేదు.
నా పక్క సీట్లో తాతారావు
ఒళ్ళో హెల్మెట్, దాని పట్టీ వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ.
చెక్‌పోస్టు దాటిన చాలాసేపటికి
"పదమూడు" అన్నాడు.

ఏం పదమూడు?
నేనేం అడిగానో నాకే గుర్తు లేదు.
ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళనా,
ఇంకెన్ని గొట్టాలు మిగిలాయనా,
లేక పోయిన రంజాను నెలలో ఎప్పుడో
పిల్ల వయసెంతని అడిగి
జవాబు వినకుండా లేచిపోయానా.

కంప్యూటరైతే ఆలస్యాన్ని తీసేసి
ఇప్పటి లెక్క కట్టి చూపిస్తుంది.
నాకంత ప్రోగ్రాం లేదు.
"ఊఁ" అన్నాను.

దిగేటప్పుడు వెనక్కి తిరిగి నవ్వాడు,
పొద్దున నేనేసిన జోకుకి.