బతికినవి

రిపోర్టుకి ఇంకా నాలుగు రోజులు.
నలభై ఏడో పేజీలో పచ్చదనం మరీ ఎక్కువైందని
డిజైన్ వాళ్లు రెండుసార్లు తగ్గించారు.
"నాటినవి: మూడు వేల రెండు వందలు".
ఆ పక్కన ఈ ఏడే కొత్తగా ఒక గడి వచ్చింది.
"బతికినవి".

వెళ్లి చూడమని ఎవరూ అనలేదు.
శనివారం, సర్జాపుర దాటాక
చెరువుగట్టు మీద బండి ఆపాను.
నీళ్లంతా నురగ,
ఎవరో ఉతుకుతూ ఉతుకుతూ మధ్యలో వదిలేసి పోయినట్టు.

పోయిన జూన్‌లో ఇక్కడే ఎనిమిది బస్సులు దిగాం.
ఒకే రంగు టీషర్టులు, కొత్త గ్లవ్స్.
గుంతలు ముందురోజే ఎవరో తవ్వి పెట్టారు.
మట్టి కప్పి, ఫోటో కోసం ఇంకోసారి కప్పి,
పొంగలి తిని
పదకొండున్నర కాల్‌కి అందుకున్నాం.

ఇప్పుడు వెదురు పుల్లలు నిలబడే ఉన్నాయి.
పుల్లలకి కట్టిన ప్లాస్టిక్ బిళ్లల మీద
పేర్లు చెక్కుచెదరలేదు:
పేమెంట్స్ శ్రీవత్స, టెస్టింగ్ నౌహీరా,
ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఇలవరసన్ కూడా.
పుల్ల పక్కనే ఏమీ లేదు.

పంపుగది దగ్గర మాత్రం పదకొండు.
నడుమెత్తు నేరేళ్లు, కానుగలు,
పేరు తెలియనిదొకటి.
మొదళ్లలో తడి ఇంకా ఆరలేదు.

మునిరత్నమ్మ బిందె దించింది.
పంపు కాపలా ఆమెదే. చదువు రాదు.
"బిళ్లలు సూసి
సచ్చిపోయినోళ్ల పేర్లనుకొంటి సామీ.
ఒక్కొక్కరికీ ఒక్కో సెట్టు పెట్టిరి,
మళ్లా ఒక్కరూ ఈ దిక్కు రాలేదు.
దప్పికతో ఉండకూడదు కదా వాళ్లు,
అంట్లు కడిగిన నీళ్లు పోస్తా ఉన్నా.
ఆ దూరమున్నోళ్లకి మాత్రం
అందించలేకపోతి."

ఐదో చెట్టుకి నా పేరుంది.
అక్షరాల మీద ఎండిన సబ్బు మరక.
అందరం బతికే ఉన్నామమ్మా, అనబోయాను.
నోరు రాలేదు.

సోమవారం గడిలో పదకొండు అని కొట్టాను.
గడి ఎర్రబడింది.
ఎనభై శాతానికి తగ్గితే ఒప్పుకోదట,
ఫార్ములా అలా రాశారు.
మా మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ దగ్గరికి లాక్కుని
"సున్నాలేమైనా మర్చిపోయావేమో చూడు" అన్నాడు.

ఆయన బిళ్ల ఎక్కడుందో నాకు తెలుసు.
గట్టు అవతలి కొసన.
అంత దూరం ఆ బిందె వెళ్లలేదు.